గొంతు దాటని మాట

“మహమ్మారి” అన్నాను.

“మాస్కు” అన్నాడు కుర్రాడు.

“దగ్గు.”

“జ్వరం.”

“తలుపు.”

“కిటికీ.”

“అమ్మ.”

“ప్రేమ.”

ముప్పై మాటలూ అయిపోయి, వాడి మెడకు కట్టిన పట్టీ విప్పుతుంటే, “ఎన్ని కరెక్టయినయ్ మేడం?” అని అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో వీడు పంతొమ్మిదోవాడు. పంతొమ్మిది మందికీ మహమ్మారి అంటే మాస్కే, దగ్గంటే జ్వరమే, అమ్మంటే ప్రేమే. సొంత అన్నదమ్ములు కూడా ఇంతగా ఒకే మాట మీద ఉండటం నేనెక్కడా చూడలేదు.

“ఇందులో కరెక్టూ తప్పూ ఉండవు నాయనా. మాట వినగానే నీకు ముందేం తోస్తే అది చెప్పాలి. కూర్చునేటప్పుడే చెప్పానా లేదా?”

“చెప్పారు మేడం. కానీ కీ ఉంది గదా అని...”

“కీ ఏంది?”

వాడు నాలుక కరుచుకున్నాడు. ఫోను తీయించాను. గుంటూరు చుట్టుపక్కల కాలేజీల పిల్లలంతా ఉన్న గ్రూపు అది. అందులో మా ముప్పై మాటలు వరస నంబర్లతో ఉన్నాయి. ప్రతిదానికీ ఎదురుగా ఒక జవాబు. పైన “ల్యాబ్ వాళ్ల మాటల టెస్టు, ఫుల్ కీ, చూసుకుని వెళ్లండి” అని రాసి ఉంది. దాని కింద రెండు వందల మంది దండాలు పెట్టారు.

మేం చేస్తున్నది పరీక్ష కాదు. కరోనా వచ్చినప్పుడు అయిదేళ్లూ పదేళ్లూ ఉన్న పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు. పన్నెండేళ్లు గడిచాక ఆ రోజులు వాళ్ల మాటల్లో ఎక్కడ నక్కి ఉన్నాయో కనిపెట్టమని ఒక ప్రభుత్వ పథకం కింద మా ల్యాబుకు అప్పగించారు. భయం ఏ మాట పక్కన కూర్చుందో తెలిస్తే సాయం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చని ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ మన పిల్లలు ఆరో తరగతి నుంచి బిట్ పేపర్లు చేసి పెరిగినవాళ్లు. ఎదుట పెద్దవాళ్లు కూర్చుని ఏదైనా అడిగితే, దానికి ఒకటే జవాబుంటుందనీ అది ఎవరికో ముందే తెలిసి ఉంటుందనీ వాళ్ల నమ్మకం. పైగా మాటల పట్టిక రాసిన పెద్దమనిషి ‘మహమ్మారి’తో మొదలుపెట్టాడు. ఎవరింట్లో అన్నారండీ ఆ మాట, వార్తలు చదివే ఆవిడ తప్ప? మా వీధిలో అందరూ కరోనా అన్నారు. మా అత్తగారు మాయరోగం అంది.

సాయంత్రం ల్యాబుకు తిరిగొచ్చి, ఆ కీ ఫొటో తీసుకున్న నా ఫోను మస్తాన్ వలి ముందు పడేశాను. పట్టీ కనిపెట్టింది అతనే. మనిషి నెమ్మది, నవ్వు మాత్రం గట్టిది. “మూడు వందల పన్నెండు మందిది ఒకటే మాట! ఇంత ఐకమత్యం అసెంబ్లీలో కూడా ఉండదు మేడం” అని పగలబడి నవ్వాడు.

“నవ్వులాటగా ఉందా? పది రోజుల్లో నివేదిక ఇయ్యాలి. మన రాష్ట్ర యువతకు మహమ్మారి అంటే మాస్కు గుర్తొచ్చిద్దని రాసి పంపుదామా?”

అతని నవ్వు ఆగింది. ఈ నివేదిక బాగుంటేనే పట్టీని ఆసుపత్రుల్లో వాడటానికి అనుమతిస్తారు. పక్షవాతంతో నోరు పడిపోయినవాళ్ల కోసం తయారుచేశాడు దాన్ని. మనిషి మాట పలకబోయే ముందు గొంతు ఆ మాటకు సిద్ధమవుతుంది. పెదవి దాకా రాని మాట కూడా అక్కడ ఒకసారి కదులుతుంది. ఆ కదలికను పట్టీ చదువుతుంది. నేను ల్యాబులో చేరిన రోజున నా మెడకు కట్టి, తను పెట్టిన కాఫీ ఇచ్చి, ఎలా ఉందని అడిగాడు. “చాలా బాగుందండీ” అన్నాను. తెర మీద ‘కషాయం’ అని పడింది. నేను సిగ్గుతో చచ్చాను. అతను మాత్రం పండగ చేసుకున్నాడు.

ఈ పనిలో మేం పట్టీని వాడుతున్నది కాలం కొలవడానికే. గొంతు కదిలిన ఎంతసేపటికి నోరు పలికిందో చూస్తాం. గొంతులో కదిలిన మాట కూడా వేరే ఫైల్లో పడుతుంది. దాన్ని మేం తెరవం. పిల్లల చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో అలాగే రాశాం.

ఆ కాగితం సంగతి నాకు గుర్తుంది. అయినా ఆ ఫైలు వంకే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి ఇంకో చిరాకు. నా కూతురు జస్విత ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ బస్సు దిగి, గేటు తీసుకుని లోపలికొచ్చి, కుళాయి దగ్గర ఆగిపోతుంది. ఫోను చూసుకుంటూ అక్కడే నిలబడుతుంది. నేను వరండాలో ఉన్నంతసేపూ అడుగు ముందుకు పడదు. నేను లోపలికి వెళ్తేనే వస్తుంది. వాళ్ల నాన్న ఎదురుగా ఉంటే మాత్రం గెంతుకుంటూ మెట్లెక్కుతుంది.

“అక్కడే స్తంభంలా నిలబడతావేందే? లోపలికి రావడానికి ముహూర్తం పెట్టించాలా?” అన్నాను ఆ రోజు కూడా.

“వస్తున్నా.”

రాలేదు. మా ఆయన శ్రీహరి లోపల్నుంచి, “పోనియ్ మల్లీ, అలిసిపోయి వచ్చిద్ది గదా” అన్నాడు. ఆయన మాటకేం, ఆయనకు దీని పొగరు కనపడదు.

అన్నం దగ్గర మళ్లీ కదిలించాను. “మీ కాలేజీలో మొదటిరోజే అయిందిగా మా పని. మస్తాన్ అంకుల్ వచ్చాడుగా. ఎట్టా ఉంది?”

“బానే ఉంది.”

“ఏం చెప్పావు?”

“బయటికి చెప్పకూడదంటగా.”

“నేను అక్కడ పనిచేసేదాన్నేనే!”

“అందుకే” అంది, పెరుగు గిన్నె వాళ్ల నాన్న వైపు జరుపుతూ. పదిహేడేళ్ల పిల్ల నోట్లోంచి మూడో మాట రప్పించడం కంటే ఎండాకాలంలో బోరు వేసుకోవడం తేలిక.

మర్నాడు పొద్దున్నే మస్తాన్ వలి దగ్గరికి వెళ్లి, ఆ ఫైలు తెరవమన్నాను.

అతను కుర్చీ నా వైపు తిప్పాడు. “పిల్లలు నోటితో చెప్పినదానికి సంతకం పెట్టారు మేడం. గొంతులో ఉన్నదానికి పెట్టలా” అన్నాడు.

“పేర్లు లేవుగా. చీటీ మీద మనమిచ్చిన నంబర్లేగా. ఎవరిదేదో ఎవరికి తెలుసు?”

“అది గాదు మేడం...”

“మరింకేంది? నీ పట్టీ ఆసుపత్రికి పోవాలా వద్దా? ఆ కీ పట్టుకుపోయి ఇస్తే మన మొహాన ఉమ్మేస్తారు.”

అతని బలహీనత ఎక్కడుందో నాకు తెలుసు, అక్కడే నొక్కాను. తెరిచాడు. తెరిచి, టీ తాగొస్తానని బయటికి వెళ్లిపోయాడు. నేనొక్కదాన్నే కూర్చున్నాను.

ఏం చెప్పమంటారు! అప్పటిదాకా ఒకటే పాట పాడిన మూడు వందల పన్నెండు గొంతులూ విడివిడిగా విచ్చుకున్నాయి. కరోనా అనగానే నోటితో ‘వైరస్’ అన్న పిల్లల్లో ఒకడి గొంతులో ‘క్యారమ్స్’ ఉంది. ఒకతెకు ‘తాతయ్య’. ఒకడికి ‘నాన్న’. వాళ్ల నాన్న ఆ ఏడాది ఇంటి పట్టున ఉన్నాడో, ఇంటికే రాలేదో ఆ ఒక్క మాటను బట్టి తెలియదు. పాజిటివ్ అంటే అందరి నోళ్లూ నెగెటివ్ అన్నాయి. ఒక గొంతు ‘పక్కింటోళ్లు’ అంది. మామిడికాయ ఉంది, ఆవిరి ఉంది, ‘ఫోన్లో బడి’ ఉంది. మహమ్మారికి మాత్రం సగం గొంతుల్లో నోరు చెప్పిన ‘మాస్కు’ తప్ప ఇంకేమీ కదల్లేదు. నేను అనుకున్నదే నిజమైందని కాస్త గర్వపడ్డాను కూడా. ఆత్రంగా కిందికి జరుపుకుంటూ పోయాను.

అప్పుడు చూశాను నంబర్ల వరస.

ప్రతి ఒక్కరికీ చీటీ మీద మూడంకెల నంబరు ఇచ్చాం. పట్టీ కట్టే ముందు ‘మీ నంబరు’ అని ఉన్న గడిలో అది వేయాలి. చాలామంది అదే వేశారు. పదకొండు మంది మాత్రం హాల్ టికెట్ నంబరు వేశారు. గడి కనపడితే చాలు, చెయ్యి దానంతటదే హాల్ టికెట్ నంబరు వేసేస్తుంది వీళ్లకు. దీన్ని ముందే ఊహించనందుకు మమ్మల్ని మేమే తిట్టుకోవాలి.

పదకొండింటిలో ఒకటి ఏడు, మూడు, సున్నా, తొమ్మిదితో ముగిసింది.

మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చిన రోజు సైటు తెరుచుకోక ఆ నంబరు నేను నలభైసార్లు కొట్టాను. అంతకుముందు దేవుడి పటాల వెనక చీటీ మీద రాసి పెట్టాను. నా ఫోను నంబరైనా మరిచిపోతానేమో గానీ అది మరిచిపోను.

మూసెయ్యాలి. తెలుసు. మూయలేదు.

కరోనా. నోరు వైరస్ అంది. గొంతు ‘గేటు’ అంది.

దగ్గు. నోరు జ్వరం. గొంతు ‘అమ్మ’.

సబ్బు. నోరు శుభ్రం. గొంతు ‘అమ్మ’.

తలుపు. నోరు కిటికీ. గొంతు ‘అమ్మ’.

చివర్లో అమ్మ. నోరు ప్రేమ అంది. గొంతు ‘ఆగు’ అంది. మిగతా మాటలకు గొంతుకూ నోటికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. ఇక్కడ మాత్రం రెండు సెకన్లున్నాయి. ఆ రెండు సెకన్లూ నా కూతురు ఆ మాటను మింగుతూ కూర్చుంది.

నేను ఆ రోజుల్లో కరోనా నమూనాలు చూసే ఆసుపత్రి ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. రోజంతా ఆ గొట్టాలతోనే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అయిదేళ్ల జస్సీ వరండాలోంచి పరిగెత్తుకొచ్చేది. “ఆగు! అక్కడే ఆగు!” అని గేటు దగ్గర్నుంచే అరిచేదాన్ని. అది కుళాయి దగ్గర ఆగేది. నేను పెరట్లోకి పోయి, స్నానం చేసి, బట్టలు నానేసి, వెనక గదిలోకి దూరి తలుపు వేసుకునేదాన్ని. శ్రీహరి పనిచేసే బడి మూసేశారు గనక అన్నీ ఆయనే చూసుకున్నాడు. ఏడు నెలలు అలా గడిచాయి.

ఒక్కరోజు అది ఆగలేదు. వచ్చి మోకాళ్లు కావలించుకుంది. నేను తోసేశాను. కుళాయి గట్టు తగిలి మోచెయ్యి గీసుకుపోయింది. ఏడుస్తుంటే ఎత్తుకోకుండా, రెండు గజాల దూరంలో నిలబడి శ్రీహరిని కేకేశాను. ఆ మర్నాటి నుంచి నేను అరవాల్సిన అవసరం రాలేదు. నన్ను చూడగానే తనంతట తనే కుళాయి దగ్గర ఆగేది. మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఇంకా అక్కడే ఆగుతోంది. పన్నెండేళ్లుగా చూస్తూ పొగరనుకున్నాను. మాటల గుట్టు విప్పే ల్యాబుకు నేను ఇన్‌చార్జిని! నా మీద నాకే అసహ్యం వేసింది.

మస్తాన్ వలి టీ తాగి వచ్చి, నా మొహం చూసి, ఫైలు మూసేశాడు.

రెండు రోజులు నోరు మెదపలేదు. ఏమని అడగాలి? అడగాలంటే దొంగతనం ఒప్పుకోవాలి. అది కాలేజీ నుంచి వచ్చే వేళకు వరండాలోకి రాకుండా వంటింట్లో దాక్కున్నాను. దానికి అదీ అనుమానంగానే ఉన్నట్టుంది. మూడో రోజు అట్టు తింటూ, “ఏందమ్మా, అట్టా చూస్తున్నావ్?” అంది.

చెప్పేశాను. ఫైలు తెరిపించిన సంగతి, హాల్ టికెట్ నంబరు సంగతి, చదివిన సంగతి.

దాని చేతిలో అట్టు ముక్క అలాగే ఉండిపోయింది. “మొత్తం చూశావా?”

“చూశాను.”

“నా నోట్లోంచి రానిదాన్ని నువ్వెట్టా చూస్తావు? చెప్పకూడదనేగా ఆపుకుంది? నీకేం హక్కుంది?”

“తప్పేనే. కానీ జస్సీ, ఆ రోజు నిన్ను తోసింది...”

“నాకు తెలుసు ఎందుకు తోశావో! నాకోసమే. అదేగా చెప్పబోతుంది?” లేచి నిలబడింది. “ఆ కీ ఎవరు రాశారనుకున్నావ్? నేనే. మొదటిరోజు మొదట కూర్చుంది నేనే. బయటికి రాగానే ముప్పై మాటలూ, నేను చెప్పిన జవాబులూ రాసి గ్రూపులో పెట్టా. అందరివీ ఒకేలా ఉంటే నాది నీకు కనపడదనుకున్నా. ఆ దిక్కుమాలిన గడిలో హాల్ టికెట్ నంబరు వేసింది నాకు గుర్తే లేదు.”

శ్రీహరి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

“అంత కోపముంటే నన్ను ఒక్కసారి అడగొచ్చుగదే.”

“ఏమని అడగాలి? నువ్వు చేసింది కరెక్టేగా! మా బళ్లో నన్ను నిలబెట్టి, వీళ్లమ్మ కరోనాతో పోరాడిందని చప్పట్లు కొట్టించారు. అందరూ మీ అమ్మ గ్రేట్ అంటారు. ఇంక నాకు కోపం రాకూడదు. రాకూడని కోపం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? నువ్వే చెప్పు!”

పన్నెండేళ్లలో అది నాతో ఒక్కసారిగా మాట్లాడిన మాటల్లో అవే ఎక్కువ. “నేను ఇంకోలా చేసి ఉంటే నీకేమన్నా అయ్యుండేది” అనే మాట గొంతు దాకా వచ్చింది. పట్టీ ఉంటే దొరికిపోయేదాన్నే. మింగేశాను.

“కోపం తెచ్చుకో” అన్నాను చివరికి. “నా మీదే తెచ్చుకో.”

“నువ్వు చెప్తే తెచ్చుకోవాలా?” అని విసురుగా చెయ్యి కడుక్కుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “అదంతా తీసెయ్. నాదొక్కటే కాదు, అందరిదీ” అంది.

మర్నాడు మస్తాన్ వలికి చెప్పాను. అతను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “తీసేస్తే మన చేతిలో మిగిలేది ఆ కీ ఒక్కటే. పట్టీకి అనుమతి ఇంకో ఏడాది వెనక్కి పోయిద్ది. నోరు పడిపోయినవాళ్లు ఇంకో ఏడాది సైగలే చేసుకోవాలి. తెలుసా మేడం మీకు?”

“తెలుసు.”

“తెరవొద్దన్నా. విన్లా మీరు.”

“విన్లేదు.”

తీసేశాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ కోపం అతనికి రావాల్సిందే.

కీ ఎలా పుట్టిందో, పిల్లల నోటి జవాబులు ఎందుకు పనికిరావో, అనుమతి లేని ఫైలు నేనెలా తెరిపించి చూశానో, ఎందుకు తీసేయించానో అంతా రాసి నా పేరు మీద నివేదిక పంపాను. పై నుంచి ఒక పేజీ ఉత్తరం వచ్చింది. అందులో సగం తిట్లు. మిగతా సగంలో, కావాలంటే పిల్లల్ని మళ్లీ అడిగి, గొంతులో మాటకు కూడా సంతకం తీసుకుని, మొదటి నుంచి చేసుకోమని ఉంది. ఈసారి మహమ్మారిని కొట్టేశాం. నంబరు గడి కూడా తీసేశాం. మూడు వందల పన్నెండు మందిని అడిగితే నలభై ఒక్క మంది సంతకం పెట్టారు. నా కూతురు పెట్టలేదు.

ఆ సంతకాల కట్ట తీసుకుని ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వరండాలో కూర్చున్నాను. వంటింట్లో దాక్కోదలుచుకోలేదు. బస్సు వచ్చిన చప్పుడైంది. జస్సీ గేటు తీసుకుని లోపలికొచ్చింది. నన్ను చూసింది. కుళాయి దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే ఫోను తీసింది.

‘రావే’ అందామనుకున్నాను. పన్నెండేళ్లుగా అంటూనే ఉన్నాను ఆ మాట. పిలిచి పిలిచి విసిగి, తిట్టి తిట్టి అలిసిపోయాను గానీ, మెట్లు దిగి ఆ కుళాయి దాకా ఒక్కసారీ వెళ్లలేదు. ఎంత మొద్దునండీ నేను! ఉన్నపళంగా లేచాను. ఒళ్లోని కాగితాలన్నీ మెట్ల మీద పడ్డాయి.

అది కంగారుపడి అడుగు ముందుకు వేయబోయింది, కాగితాలు ఏరదామని కాబోలు.

“ఆగు” అన్నాను. “అక్కడే ఆగు. నేనే వస్తున్నా.”

చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. ఎండకు కాలిన గచ్చు ఇంకా చల్లారలేదు. పదడుగులు కూడా లేవు ఆ దూరం. దగ్గరికెళ్లి రెండు చేతులూ చుట్టేశాను. అది కర్రలా బిగుసుకుపోయింది. పుస్తకాల సంచి మా ఇద్దరి మధ్యా అడ్డంగా ఉంది. వదల్లేదు నేను.

చాలాసేపటికి దాని గొంతు కదిలింది. నా భుజానికి ఆనే ఉంది గనక పట్టీ లేకుండానే తెలిసింది.

“కాళ్లు కాలుతున్నయ్యా?” అంది.